మిడిల్ నాబ్ మీది తెల్ల చుక్క

ఇంటి పనిలో మొగుడు వేలు కూడా పెట్టడని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. లేనిపోని అభాండాలు వెయ్యకూడదు. ఆయన వారానికోసారి గిటారు తుడుచుకుంటాడు. అందుకోసం పసుపు రంగు మెత్తటి గుడ్డ ఒకటి వేరే ఉంది. ఆ గుడ్డని మిగతా బట్టల్లో కలపకుండా గోరువెచ్చటి నీళ్ళలో విడిగా ఉతికి, నీడపట్టున ఆరేసి, మడత పడకుండా తీసుకెళ్ళి మళ్ళీ గిటారు పక్కన పెట్టేది ఆమే అనుకోండి, అది వేరే సంగతి. తుడిచేది మాత్రం ఆయనే. ఆ మధ్య చుట్టాలొచ్చినప్పుడు, మా ఇంట్లో ఎవరి పని వాళ్ళే చేసుకుంటాం అని కూడా అన్నాడు. ఆమె లోపల వాళ్ళందరికీ కంచాలు కడుగుతూ ఆ మాట విని, నిజమే కదా, ఇది నా పనే కదా అనుకుంది.

ఆయన గదిలో ఒక మూల యాంప్ ఉంటుంది. గిటారు మోతని పెద్దది చేసి వినిపించే నల్లటి పెట్టె. చిన్న ఫ్రిజ్జంత ఎత్తు, అత్తగారంత బరువు. దాని నుదుటి మీద ఆరు నాబ్‌లు వరసగా ఉంటాయి: గెయిన్, బాస్, మిడిల్, ట్రెబుల్, రివర్బ్, వాల్యూమ్. కింద నేల మీద, మోతని చీల్చడానికొకటీ సాగదీయడానికొకటీ, కాలితో నొక్కే పెడల్స్. పెట్టె పైనా పక్కలా వెనకా దుమ్ము దులిపే హక్కు ఆమెకి ఉంది. నుదుటి జోలికి మాత్రం వెళ్ళకూడదు. ఏ నాబ్ ఎక్కడ ఆగాలో గుర్తుగా ఆయన తెల్ల పెయింటుతో ఆరు చుక్కలు పెట్టుకున్నాడు. ఆరూ పది అంకె దగ్గరే.

ఆ చుక్కల వెనక ఒక కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయన, మరో ముగ్గురు స్నేహితులు కలిసి ఒక పాట చేశారు. అద్దింటి వెనకగదిలో, అరువు తెచ్చిన మెషీన్ మీద రికార్డు చేశారు. ఎలా పాకిందో ఏమో, ఆ పాట ఒక ఏడాదిపాటు బస్సుల్లో, హాస్టళ్ళలో, కటింగు షాపుల్లో ఎక్కడ చూసినా మోగింది. పాట మధ్యలో వచ్చే గిటారుని జనం మరిచిపోలేదు. ఏడ్చినట్టే ఉంటుంది గానీ ఎక్కడా గొంతు చించుకోదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చినట్టుంటుంది. ఆ టోన్ ఎలా వచ్చిందని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే. "అన్నీ పదికి తిప్పేశా. గోడలు అదిరాయి." ఆ తర్వాత బృందం విడిపోయింది, ఆయన ఆఫీసు ఉద్యోగంలో చేరాడు. ఆ జవాబు మాత్రం ఇంట్లో ఇంకో మనిషిలా ఉండిపోయింది.

ఇన్నేళ్ళకి మళ్ళీ కబురొచ్చింది. ఊళ్ళో పాత పాటల సభ, ఆదివారం. అదే నలుగురూ, అదే పాట, అదే టోన్ కావాలన్నారు. అప్పటినుంచీ ఆయన ఆఫీసు నుంచి రాగానే గదిలో కూర్చుని ఆ మోత కోసం వెతకడం మొదలుపెట్టాడు. చుక్కల దగ్గర పెట్టి వాయిస్తే ఇనప రేకు మీద గులకరాళ్ళు దొర్లించినట్టు వచ్చేది. కొత్త పెడల్ కొన్నాడు. తీగలు మార్చాడు. మోత పెరిగేది, టోన్ వచ్చేది కాదు. ఇంట్లో మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి తిరిగేవాళ్ళు. గరిటె గిన్నెకి తగలకుండా వడ్డించడం, కుర్చీ ఈడ్వకుండా ఎత్తి జరపడం, దగ్గుని మింగడం ఆమెకి చేతనైన విద్యలే. కూతురికి కూడా చేతనయ్యాయని ఆ వారంలోనే గమనించింది.

ఆయన ఆమెని ఎప్పుడూ కొట్టలేదు. ఈ మాట ఆ ఇంట్లో అందరూ కాస్త గర్వంగానే చెబుతారు, చాలాసార్లు ఆమే చెప్పింది. కొట్టింది ఆమె పక్కనున్న వాటిని. తలుపుని, అద్దాన్ని, గోడని, ఒకసారి ఆమె చేతిలో ఉన్న పళ్ళేన్ని. మెలికల ముగ్గులో చుక్కని ముట్టకుండా చుట్టూ మెలిక తిప్పినట్టు, ఆమె ఒంటికి బెత్తెడు దూరంలో ఆయన చెయ్యి తిరుగుతుంది. హాల్లో క్యాలెండరు వెనక గోడకి పిడికిలంత గుంట ఉంది. ఏటా క్యాలెండరు మారుతుంది, మేకు మారదు. పైగా కోపం వచ్చేముందు ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది. మెత్తబడుతుంది. ఇలా రామ్మా, అంటాడు. ఆ 'అమ్మా' చెవిన పడితే చాలు, ఆమెకి కాళ్ళు చల్లబడతాయి.

మొదటిసారి తలుపు విరిగినప్పుడు అత్తగారు ఆమెని వంటింట్లో కూర్చోబెట్టి తల నిమిరింది. "వాడి కోపం పాలపొంగమ్మా. నీళ్ళు చిలకరిస్తే చప్పున దిగిపోతుంది. వాళ్ళ నాన్నకీ అంతే" అంది. కొత్త కోడలు ఆ మాట నమ్మింది. పొంగు దిగిపోవడం నిజమే. దిగాక ఆయన మామూలుగా అన్నం తినేవాడు, జోకులు కూడా వేసేవాడు. పొంగిన ప్రతిసారీ పొయ్యి తుడవాల్సింది ఎవరన్నది అత్తగారు చెప్పలేదు, కోడలు అడగలేదు. అత్తగారికి ఎడం చెవి వినపడదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందంటుంది. ఎవరైనా మాట్లాడితే కుడి చెవి వాళ్ళ వైపు తిప్పుతుంది, కొడుకు గదిలో మోత మొదలైతే ఆ కుడి చెవిని దిండుకి ఆనించి పడుకుంటుంది. ఆ ఇంట్లో ప్రశాంతంగా నిద్రపోయే ఏర్పాటు ఉన్నది ఆవిడ ఒక్కదానికే.

ఆ టోన్ ఎలా వస్తుందో ఆమెకి తెలుసు.

రికార్డు చేసిన రోజు కూతురు నెలల పిల్ల. జ్వరంతో ఏడ్చి ఏడ్చి అప్పుడే కన్ను మూసింది. గోడకి అవతల గదిలో గిటారు మోగినప్పుడల్లా అరలో గ్లాసులు గలగలమనేవి, పిల్ల ఉలిక్కిపడేది. కాస్త తగ్గించండి అని చెప్పడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. నలుగురూ టీ తాగడానికి వీధిలోకి వెళ్ళినప్పుడు పిల్లని భుజాన వేసుకుని ఆ గదిలోకి వెళ్ళింది. డిగ్రీలో ఫిజిక్స్ చదివింది. ఆ చదువు ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు గానీ, గోడ దాటి వచ్చేది బరువైన మోత అని ఆమెకి తెలుసు. బాస్ రెండుకి దించింది. మోతని గరుకు చేసే గెయిన్ నాలుగుకి, కీచుగా పలికించే ట్రెబుల్ సగానికి. ప్రతిధ్వనినిచ్చే రివర్బ్ అస్సలు లేకుండా చేసింది. మోతని చీల్చే పెడల్‌ని కాలితో నొక్కి ఆపింది. పెట్టెని మోకాలితో నెట్టి, దుప్పట్లున్న బీరువా వైపు తిప్పి తలుపు తెరిచింది. మిడిల్ మీద చెయ్యి వెయ్యబోతుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. దాన్ని అలాగే వదిలేసి, వాల్యూమ్ సంగతి కూడా మరిచిపోయి, వంటింట్లోకి పరుగెత్తింది.

వచ్చిన వాళ్ళు తొందరలో ఉన్నారు. మెషీన్ సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి. పెట్టెని తమలోనే ఎవరో తిప్పి ఉంటారని నలుగురూ అనుకున్నారు, బీరువా వైపు తిరిగిన నాబ్‌లని ఎవరూ చూడలేదు. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మోత పలచగా వస్తోందనిపించి, తీగల మీద ఎన్నడూ లేనంత గట్టిగా వేళ్ళు వేశాడు. ఒక్కసారికే అయిపోయింది. బయట వాళ్ళు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటుంటే ఆమె గదిలోకి దూరి, తను దించిన నాబ్‌లన్నిటినీ మళ్ళీ పదికి తిప్పేసింది, పెడల్ నొక్కేసింది. మర్నాడు ఆయన పెయింటు డబ్బా తెచ్చి, ఆమె భయపడి తిప్పిపెట్టిన చోటనే, భద్రంగా చుక్కలు పెట్టుకున్నాడు.

అయితే ఆమె కూడా పూర్తిగా బుద్ధిమంతురాలేం కాదు. ఆయన ఆఫీసులో, కూతురు కాలేజీలో, అత్తగారు దిండు మీద ఉన్న మధ్యాహ్నాల్లో, దుమ్ము దులపడం అయ్యాక, ఎప్పుడైనా ఒకసారి ఆ నాబ్‌లని తన లెక్క ప్రకారం తిప్పుకుని, బొటనవేలితో ఒకే ఒక తీగ మీటేది. గది నిండా ఆ మోత లేచి, బీరువాలో దుప్పట్ల మీద వాలి అణిగిపోయేది. అంతే. మళ్ళీ అన్నీ చుక్కల దగ్గరికి చేర్చి, గుడ్డ దులుపుకుని వచ్చేసేది. కొందరు ఆడవాళ్ళు పోపుల డబ్బాలో నోట్లు దాచుకుంటారు, తను ఒక చప్పుడు దాచుకుంది.

ఆ వారం ఒక మధ్యాహ్నం, మిడిల్ కూడా తగ్గిస్తే ఎలా ఉంటుందో చూద్దామని బుద్ధి పుట్టింది. తిప్పుతుండగా గ్యాసు బండ వాడు బెల్లు కొట్టాడు. ఉలిక్కిపడి అన్నీ వెనక్కి తిప్పి వెళ్ళింది. ఐదు నాబ్‌లు చుక్కల దగ్గర ఆగాయి. మిడిల్ వెంట్రుకవాసి ఇవతల ఆగింది.

ఆ సాయంత్రం ఆయన దాన్ని చూశాడు.

ఆమెని అనుమానించలేదు. "మీ అమ్మకి స్టవ్వు సిమ్‌లో పెట్టడం తప్ప ఏ నాబ్ ఎటు తిరుగుతుందో తెలీదు" అన్నాడు కూతురితో, భోజనాల దగ్గర. "మీ నాన్నమ్మ లేచి ఆ గదిదాకా రాదు. ఇంక మిగిలిందెవరమ్మా?" ఆ గొంతు విని ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. తను కాదని కూతురు మెల్లిగా చెప్పింది. గ్లాసు పగిలింది. కూతురు ఒంటి మీద చుక్క నీరు కూడా పడలేదు. గాజు ముక్కలు మాత్రం ఆ పిల్ల కుర్చీ చుట్టూ గుండ్రంగా పడ్డాయి. ఇన్నాళ్ళూ తన చుట్టూ తిరిగిన మెలిక ఇప్పుడు ఇంకో చుక్క చుట్టూ తిరగడం ఆమె చూసింది. శనివారం స్నేహితులు సాధనకి వచ్చేలోగా ఒప్పుకుంటే మంచిదని చెప్పి ఆయన లేచి వెళ్ళిపోయాడు.

తిప్పింది నేనేనని ఆ క్షణాన చెప్పాల్సింది. ఆమె చీపురు కోసం లేచేసరికే కూతురు నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ముందు పెద్ద ముక్కలు వేళ్ళతో ఏరి, తర్వాత తడిగుడ్డ నేలకి అద్ది అద్ది సన్న పొడి తీస్తోంది. చీపురుతో ఊడిస్తే పొడి మిగిలిపోతుందని, తడిగుడ్డతో అద్దాలని ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది. ఇంత శుభ్రంగా రావాలంటే ఎన్నిసార్లు చూసి ఉండాలి?

ఆ రాత్రి నుంచి ఆమెకి ఆయన మీద భయం తగ్గలేదు. దాని పక్కన ఇంకో భయం వచ్చి కూర్చుంది. రేపు ఈ పిల్ల ఎవరింట్లోనో గాజు పొడి అద్దుతూ, ఆయన నన్నెప్పుడూ కొట్టలేదు అని చెప్పుకుంటుంది. రెండు భయాల్లో ఏది పెద్దదో తేల్చుకోవడానికి ఆమెకి శనివారం దాకా పట్టింది.

శనివారం ముగ్గురు స్నేహితులూ వచ్చారు. డ్రమ్ములు వాయించే ఆయన ఆమెకి వరసకి అన్నయ్య. నోటి నిండా నవ్వు, పొట్ట నిండా తిండి. ఆ పొట్టని వాళ్ళు మూడో డ్రమ్మంటారు. పాటగాడికి బట్టతల వచ్చింది, బాస్ వాయించే ఆయనకి మోకాళ్ళ నొప్పులు. గదిలో సర్దుకుని వాయించారు. మళ్ళీ వాయించారు. వంటింట్లో టీ మరుగుతుంటే ఆమె వింటోంది. ఇనప రేకు, గులకరాళ్ళు. "ఒరే, ఇది ఏడవడం లేదురా, పళ్ళు కొరుకుతోంది" అని డ్రమ్ములాయన అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అమ్మడూ" అని పిలిచాడు ఆయన. మెత్తగా. "ఇలా రామ్మా."

కూతురు పుస్తకం మూసి లేచింది. ఆమె టీ ట్రే పట్టుకుని ఆ పిల్ల వెనకే నడిచింది. కప్పులు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడవుతున్నాయి. ఇంతకాలం ఏ చప్పుడూ చెయ్యకుండా బతికిన చేతులు ఇప్పుడు మాట వినడం లేదు.

మిడిల్ ఎవరు తిప్పారో ఈ మామయ్యల ముందు చెప్పమని ఆయన కూతుర్ని అడుగుతున్నాడు. బాసాయన తన తీగల్లోకి చూసుకుంటున్నాడు. పోనీలేరా, చిన్నపిల్ల కదా, అని గొణిగాడు డ్రమ్ములాయన. ఆయన లేచి కూతురి పక్కనున్న కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. ఆ కుర్చీ ఎన్ని క్షణాల్లో లేస్తుందో, ఎటు పడుతుందో ఆమెకి తెలుసు.

ఆమె టీ ట్రేని యాంప్ మీద పెట్టింది. ఆ పెట్టె మీద గ్లాసు నీళ్ళు కూడా ఎన్నడూ పెట్టి ఎరగరు. గదిలో అందరూ ట్రే వైపే చూశారు.

"అది కాదు. నేను తిప్పాను" అంది.

ఆగితే మళ్ళీ మాట్లాడలేనని తెలిసి ఆగకుండా వంగింది. బాస్ పట్టుకుని వెనక్కి తిప్పింది. గెయిన్ తిప్పబోతే వేళ్ళ చెమటకి జారింది, కొంగుతో పట్టుకుని తిప్పింది. నాబ్‌లు ఒక్కొక్కటీ తెల్ల చుక్కల్ని వదిలి వెనక్కి పోతున్నాయి.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు ఆయన. ఇంకా మెత్తగా.

"సిమ్‌లో పెడుతున్నానండీ."

పాటగాడు ఏదో నవ్వబోయి మానేశాడు. ఆమె పెడల్‌ని కాలితో నొక్కి ఆపింది. అన్నయ్యా, కాస్త పట్టుకోండి, అని పిలిస్తే డ్రమ్ములాయన ట్రే దించి, పెట్టెని బీరువా వైపు తిప్పడానికి చెయ్యి వేశాడు. ఆమె బీరువా తలుపు తెరిచింది. లోపల దుప్పట్లు మడతలు మడతలుగా ఉన్నాయి. అప్పటివి కావు గానీ, అవీ ఆమె మడత పెట్టినవే.

"వాయించండి. గట్టిగా వాయించాలి" అంది.

నలుగురి ముందు కాబట్టి ఆయన గిటారు ఎత్తుకున్నాడు. మొదటి తీగ మీద వేలు పడగానే ఆయన భుజాలు బిగుసుకున్నాయి. దెబ్బ గట్టిది, మోత చిన్నది. ఇంకా గట్టిగా వేశాడు. అప్పుడు లేచింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న ఆ ఏడుపు. డ్రమ్ములాయన కర్ర గాల్లోనే ఆగిపోయింది. ఆ ముక్క అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

"అదేరా" అన్నాడు డ్రమ్ములాయన చివరికి. "ఒరే, అదే."

ఆ రోజు పిల్లకి జ్వరమని, వాళ్ళు టీకి వెళ్ళినప్పుడు తగ్గించానని, తర్వాత భయమేసి మళ్ళీ పదికి తిప్పేశానని ఆమె నేల వైపు చూస్తూ చెప్పింది. డ్రమ్ములాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్నీ పదని పద్దెనిమిదేళ్ళు ఊరంతా టముకు వేశాం కదరా, అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. కూతురు పెదవి కొరుక్కుంది.

నవ్వకండి, అనుకుంది ఆమె. దయచేసి నవ్వకండి.

ఆయన గిటారుని నెమ్మదిగా స్టాండు మీద పెట్టాడు. పసుపు గుడ్డ తీసి తీగలు తుడిచాడు, ఒక్కొక్కటీ, పైనుంచి కిందికి. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"మీరు కాస్త బయట కూర్చోండిరా" అన్నాడు స్నేహితులతో. "అమ్మడూ, నువ్వుండు. మీ అమ్మతో, నీతో చిన్న మాటుంది."

నవ్వులు ఆగిపోయాయి. ముగ్గురూ తమ తమ కప్పులు అందుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఆమె మొహం అసలే చూడలేదు. ఇలాంటప్పుడు బయటికి వెళ్ళడం వాళ్ళకి కొత్త కాదు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుంది. మేమూ వాళ్ళతో బయటికే వస్తాం అనాలి. గోడకి, తనకి మధ్య ఎంత జాగా ఉందో, ఆ జాగాలో కూతుర్ని ఎటు వైపు నిలబెట్టాలో ఆమె కళ్ళు అప్పుడే కొలుచుకుంటున్నాయి.

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. నిద్రలేచిన మొహం కాదు. కుడి చెవి గదిలోకి తిప్పి ఎంతసేపటి నుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"ఎవరూ వెళ్ళక్కర్లేదు, కూర్చోండి నాయనా" అంది ఆవిడ.

"నువ్వెళ్ళి పడుకో అమ్మా."

"పడుకుని వినకుండా ఉన్నది చాల్లేరా."

గోడ పట్టుకుని నడిచి వచ్చింది. దారిలో ఉన్న పెడల్స్ తొక్కకుండా, తొందరపడకుండా, కొడుకు పక్క నుంచే వచ్చింది. ఇంతకాలం ఎవరూ నిలబడని ఆ బెత్తెడు జాగాలోకి, కోడలికి, కొడుకు చేతికి మధ్యకి వచ్చి, మనవరాలి పక్కనున్న కుర్చీ తనవైపు లాక్కుని బరువుగా కూర్చుంది. కొడుకు చెయ్యి కుర్చీ వీపు మీద నుంచి జారిపోయింది. ఆవిడ కొడుకు వైపు చూడలేదు. కోడలి మొహంలోకి చూసి, ఎప్పుడూ ఎవరికీ తిప్పని ఎడం చెవిని కోడలి వైపు తిప్పి, దాని మీద పడ్డ తెల్ల వెంట్రుకలు పక్కకి తీసింది.

"పాలపొంగని చెప్పాను నీకు. తప్పు చెప్పానమ్మా. ఈ చెవి జ్వరంతో పోలేదు."